గాడిలోని పాట, గాలిలోని పాట

పాటకు పుట్టుకతోనే వచ్చిన చిక్కు ఒకటి ఉంది. పాడిన మరుక్షణమే అది లేకుండా పోతుంది. శిల్పం రాతిలో నిలుస్తుంది, చిత్రం గోడమీద నిలుస్తుంది, పద్యం తాటాకుమీద నిలుస్తుంది. పాట మాత్రం వేల సంవత్సరాలపాటు గాయకుని కంఠంలోనూ, శ్రోత జ్ఞాపకంలోనూ తప్ప మరెక్కడా నిలువలేకపోయింది. 1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ తగరపు రేకు చుట్టిన గొట్టంమీద మనిషి మాటను గీతలుగా గీసి, తిరిగి దానిచేతనే పలికించినప్పుడు ఆ చిక్కు మొదటిసారిగా విడిపోయింది. పదేళ్ల తరువాత, 1887లో ఎమిలీ బెర్లినర్ గొట్టానికి బదులుగా బల్లపరుపు పళ్లేన్ని వాడే పద్ధతిని కనిపెట్టాడు. గ్రామఫోను రికార్డు అలా పుట్టింది. మన దేశంలో రికార్డుల చరిత్ర తొలినాళ్లలోనే, 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలు రికార్డుల కెక్కాయి. పాట ముగిసిన తరువాత ఆమె తన పేరు తానే చెప్పుకొనేది. ఆ పళ్లేలు అచ్చయ్యేది జర్మనీలో. అక్కడి పనివారికి ఏ పాట ఎవరిదో తెలియాలి గదా!

ప్రాచీన సాహిత్యం చదువుకొన్నవాడికి నృత్యశాలల సంగీతంతో పనేమిటని మీకు అనిపించవచ్చు. నేను పరిశోధన చేసింది తాళపత్ర ప్రతులమీద. ఒక పాఠం ఏ వస్తువుమీద ఉంటే ఎంతకాలం బతుకుతుంది, ఆ వస్తువు మారినప్పుడు పాఠంలో ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్నలతోనే నా సగం జీవితం గడిచింది. ఆ ప్రశ్నలే పాశ్చాత్య దేశాల నృత్యసంగీతంలో గత పాతికేళ్లుగా తీవ్రంగా నలుగుతున్నాయి. పాటను నల్లని వినైల్ పళ్లెంమీద ఉంచుకోవాలా, కంప్యూటరులోకి దించుకొంటే చాలా అని అక్కడివారు వాదించుకొంటున్నారు. ఆ వాదం నాకు చాలా పరిచితమైనదిగా తోచింది.

ముందు పళ్లెం సంగతి చూద్దాం. రికార్డుమీద వెలుపలి అంచునుండి లోపలి వరకు చుట్టలు చుట్టుకొంటూ పోయే గాడి ఒక్కటే ఉంటుంది. ధ్వని ఎలా కంపిస్తే ఆ గాడి గోడలు అలా వంపులు తిరుగుతాయి. సూది ఆ వంపుల వెంట కదులుతుంది, ఆ కదలిక విద్యుత్తుగా మారి మళ్లీ ధ్వని అవుతుంది. ఇందులో గమనించవలసింది ఒకటుంది. మద్దెల మోత వంటి మంద్రధ్వనికి పెద్ద వంపు కావాలి. ధ్వని బిగ్గరగా ఉండాలంటే వంపు ఇంకా పెద్దది కావాలి. వంపులు పెద్దవైతే గాళ్ల మధ్య ఎడం పెరగాలి. అందువల్ల ఒక వైపు ఇరవై నిమిషాల పాటలను ఇరికించిన పళ్లెం ఇంట్లో కూర్చొని వినడానికి సరిపోతుంది కాని, వందలమంది ఎగిరే శాలలో పేలవంగా వినిపిస్తుంది.

ఈ ఇబ్బందికి పరిష్కారం న్యూయార్కులో కొంత యాదృచ్ఛికంగా దొరికింది. 1970ల నడుమ టామ్ మౌల్టన్ అనే ఆయన నృత్యశాలల కోసం పాటలను పొడిగించి కూర్చేవాడు. ఒకనాడు గాడి చెక్కించడానికి వెళితే, చిన్న పాటలకు వాడే ఏడంగుళాల ఖాళీ పళ్లేలు అయిపోయాయట. ఉన్న పది అంగుళాల పళ్లెంమీదే చెక్కమన్నాడు. అంత పెద్ద పళ్లెంమీద పాట అంచున సన్నని పట్టీలాగా మిగిలిపోయి చూడటానికి బాగుండలేదు. గాడిని పళ్లెం నిండా పరచి, ధ్వనిస్థాయిని పెంచి చెక్కారు. విన్నవారు ఆశ్చర్యపోయారు. ఆ పది అంగుళాలు త్వరలోనే పన్నెండయ్యాయి. 1976లో సాల్‌సోల్ సంస్థ డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాడిన 'టెన్ పర్సెంట్' అనే పాటను పన్నెండంగుళాల పళ్లెంమీద బజారులో అమ్మకానికి పెట్టింది. దానిని నృత్యానికి అనువుగా కూర్చినవాడు వాల్టర్ గిబ్బన్స్. ఒక వైపు ఒకే పాట, అదీ తొమ్మిది పది నిమిషాల పాట. ఈ పళ్లెం లేకపోతే ఆ సంగీతపు రూపమే వేరుగా ఉండేది. పాత్రనుబట్టి పదార్థం మారడమంటే ఇదే.

ఇక ఆ పళ్లేన్ని తిప్పే యంత్రం జపానునుండి వచ్చింది. మత్సుషిత సంస్థ 1972లో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 అనే రికార్డు యంత్రాన్ని తయారుచేసింది. దానిలో పట్టీ లేదు, మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది. చేత్తో ఆపి వదిలితే తృటిలో మళ్లీ వేగం అందుకొంటుంది. 1979లో వచ్చిన రెండవ నమూనాలో వేగాన్ని నూటికి ఎనిమిది పాళ్లవరకు పెంచడానికీ తగ్గించడానికీ ఒక జారుడు మీట అమర్చారు. ఇళ్లలో వినేవారికోసం చేసిన ఆ యంత్రాన్ని డీజేలు వాద్యంగా మార్చుకొన్నారు. రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టి, ఒకదానిమీద మోగుతున్న పాట లయకు రెండవదానిమీది పాట లయను చెవితోనే కలిపి, ఎక్కడా తెగకుండా ఒక పాటలోనుండి మరొక పాటలోకి జనాన్ని నడిపించేవారు. కచేరీలో గాయకుని నడకను కనిపెట్టుకొని అడుగు కలిపే మృదంగ విద్వాంసుని చెవి ఎటువంటిదో, ఈ చెవీ అటువంటిదే. డీజే అంటే పాటలు మార్చేవాడు మాత్రమేనని మనవాళ్లలో చాలామంది అనుకొంటారు. పెళ్లి ఊరేగింపుల్లో గుండెలదిరేలా మోగే పెట్టెలను చూసి ఏర్పడిన అభిప్రాయం అది.

చికాగోలో 1977లో వేర్‌హౌస్ అనే నృత్యశాల మొదలయింది. అక్కడ ఫ్రాంకీ నకుల్స్ వాయించిన బాణీకే, ఆ శాల పేరులోని చివరి ముక్కనుబట్టి, 'హౌస్' సంగీతమన్న పేరు వచ్చింది. డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే నల్లజాతి యువకులు 'టెక్నో'కు రూపమిచ్చారు. 1989లో బెర్లిన్ గోడ కూలిన తరువాత ఆ సంగీతం అక్కడి ఖాళీ భవనాల్లోకి ప్రవేశించింది. 1991లో తెరచిన ట్రెజర్ అనే శాల ఒకప్పటి పెద్ద దుకాణం కింద ఉన్న ఇనుప ఖజానా గదులలో నడిచింది. జర్మను భాషలో ఆ మాటకు ఖజానా అనే అర్థం. బెర్లిన్ టెక్నో సంస్కృతిని 2024లో జర్మనీ తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకొంది. ఆ వారసత్వాన్ని ఇంతకాలం మోసినవి మాత్రం మూర్తమైన పళ్లేలే.

మా చెల్లెలి కొడుకు ఆ నగరంలోనే కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. శనివారం రాత్రుళ్లు ఒక చిన్న శాలలో పాటలు వాయిస్తాడు. 2023 వేసవిలో నేను వెళ్లినప్పుడు నన్నొక రికార్డుల దుకాణానికి తీసుకువెళ్లాడు. పాత భవనం పెరటివైపు, పై అంతస్తులో ఉందది. బయట బోర్డు కూడా సరిగా లేదు. లోపల చెక్క అరలలో వేల పళ్లేలు, చాలావాటికి తెల్లని అట్టలు, వాటిమీద బొమ్మ కూడా లేదు. వాడు నలభైదాకా ఏరుకొని, మూల ఉన్న యంత్రం దగ్గర చెవులకు తగిలించుకొని, ఒక్కొక్కదానిమీద సూదిని అక్కడక్కడ ఆనించి వింటూ గంటన్నర గడిపాడు. చివరకు కొన్నవి రెండు.

"ఇదే పాట డౌన్‌లోడు చేసుకొంటే ఎంతవుతుందిరా?" అని అడిగాను.

"రెండు యూరోలు కూడా కాదు మామయ్యా."

"మరి పదమూడు పోసి కొంటున్నావేం?"

"రెండే కదా అనుకొంటే ఇరవై పాటలు కొనేస్తాను. వారం తిరిగేసరికి వాటిలో పదిహేనింటి పేర్లు కూడా గుర్తుండవు. పదమూడు పెట్టాలంటే మాత్రం మూడుసార్లు వింటాను."

అంత నిష్ఠ చూపినవాడు ఆ శనివారం శాలకు వెళ్లేటప్పుడు చేతిలో పళ్లేల పెట్టె లేదు. చొక్కా జేబులో చిటికెనవేలంత పెన్‌డ్రైవు ఉంది. కొన్న పళ్లేన్ని ఇంట్లో ఒకసారి కంప్యూటరులోకి ఎక్కించుకొని, పళ్లేన్ని అరలో భద్రపరచి, ప్రతిని వాయిస్తాడట. కోవెలలో మూలవిరాట్టు, ఊరేగింపుకు ఉత్సవవిగ్రహం అన్నమాట. ఈ పోలిక వాడితో అంటే నవ్వి, "పెట్టె మోసి మోసి భుజం పోయింది మామయ్యా, భక్తి కాదు" అన్నాడు.

భుజం మాట ఉత్తది కాదు. పన్నెండంగుళాల పళ్లెం ఒక్కొక్కటి 140 నుండి 180 గ్రాములు తూగుతుంది. రాత్రంతా వాయించడానికి ఎనభై పళ్లేలు పట్టుకువెళితే అట్టలతో కలిపి పదిహేను కిలోల బరువు. దేశదేశాలు తిరిగే డీజేలు ఆ పెట్టెను విమానాశ్రయాల్లో ఈడ్చుకొంటూ, ఎక్కడ పోతుందోనని ప్రాణాలు పిడికిట్లో పెట్టుకొని తిరిగేవారు. అదే పాట ఎమ్‌పీ3 రూపంలో ఎంత ఉంటుందో లెక్కవేయండి. సెకనుకు 3,20,000 బిట్ల చొప్పున ఏడు నిమిషాల పాటకు దాదాపు 17 మెగాబైట్లు. పదహారు గిగాబైట్ల పెన్‌డ్రైవులో తొమ్మిది వందల పాటలకు పైగా పడతాయి. ఎనభై ఎక్కడ, తొమ్మిది వందలు ఎక్కడ!

ఎమ్‌పీ3 పద్ధతిని జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు, ఇతర పరిశోధకులతో కలిసి అభివృద్ధి చేశారు. మనిషి చెవి ఎలాగూ పట్టుకోలేని ధ్వనులను, పెద్ద ధ్వని చాటున మరుగుపడిపోయే చిన్న ధ్వనులను తీసివేసి, మిగిలినదానిని క్లుప్తంగా రాయడం దాని కిటుకు. ఇది చదివినప్పుడు నాకు మన వ్రాయసకాండ్రు గుర్తుకువచ్చారు. ఆకు ఆదా చేయడానికి పదాల మధ్య ఎడం వదలకుండా, విరామచిహ్నాలు లేకుండా వారు రాసుకొంటూ పోయేవారు. చదివేవాడికి ఛందస్సు తెలుసు గనుక ఎక్కడ విరవాలో వాడే చూసుకొంటాడని వారి ధీమా. చదువరి సామర్థ్యంమీద భారంవేసి స్థలం మిగుల్చుకోవడంలో ఇద్దరిదీ ఒకే యుక్తి. నృత్యశాలల పెద్ద స్పీకర్ల ముందు అలా కుదించిన ధ్వని చాలదనుకొనేవారు కుదించని రూపంలోనే పాటను కొంటారు. అది నాలుగు రెట్లకు పైగా పెద్దది.

పళ్లెంనుండి కంప్యూటరుకు మారే సంధికాలంలో ఒక విచిత్రమైన సాధనం వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో రూపుదిద్దుకొని, 2000ల తొలినాళ్లలో బజారుకు వచ్చిన ఫైనల్ స్క్రాచ్ అనే ఏర్పాటులో పళ్లెం ఉంటుంది, సూది ఉంటుంది, గాడీ ఉంటుంది. ఆ గాడిలో పాట మాత్రం ఉండదు. కాలాన్ని సూచించే సంకేతం ఒక్కటే ఉంటుంది. సూది ఎక్కడ ఉందో, ఎంత వేగంతో కదులుతోందో దానినిబట్టి కంప్యూటరు తెలుసుకొని, తనలో ఉన్న పాటను అలా పలికిస్తుంది. చేతికి పళ్లెం, చెవికి కంప్యూటరు! ఇదే మార్గంలో 2004లో సెరాటో స్క్రాచ్ లైవ్ వచ్చింది. ఈలోగా పయొనీర్ సంస్థ 2001లో తెచ్చిన సీడీజే-1000 యంత్రం కాంపాక్ట్ డిస్కును కూడా చేతితో ముందుకు వెనక్కు తిప్పే వీలు కల్పించింది. 2004లోనే అమెరికాలోని డెన్వర్‌లో బీట్‌పోర్ట్ అనే దుకాణం కేవలం నృత్యసంగీతపు డౌన్‌లోడ్ల కోసం ఇంటర్నెట్‌లో తెరచుకొంది. 2010లో టెక్నిక్స్ యంత్రం తయారీ ఆపివేసినప్పుడు పళ్లెం కథ ముగిసిందని చాలామంది నిశ్చయించుకొన్నారు. 2016లో ఆ సంస్థే దానిని తిరిగి తయారుచేయడం మొదలుపెట్టింది.

పళ్లెంమీద నాకెంత అభిమానం ఉన్నా డౌన్‌లోడు చేసిన మేలును కాదనలేను. పళ్లెం అచ్చువేయాలంటే కర్మాగారం కావాలి, కనీసం రెండు మూడు వందల ప్రతులకు ముందుగా సొమ్ము కట్టాలి, వాటిని ఓడలమీద, విమానాలమీద పంపాలి. లండన్, బెర్లిన్, న్యూయార్క్ కుర్రవాడికి అది కష్టం, అంతే. దక్షిణాఫ్రికాలోని డర్బన్ పేటల్లో ఉండే కుర్రవాడికి అది అసాధ్యం. 2010ల తొలినాళ్లలో అక్కడి యువకులు పాత కంప్యూటర్లమీద, సులువుగా దొరికే సాఫ్ట్‌వేరుతో గోమ్ అనే బాణీని పుట్టించారు. తరువాత జొహానెస్‌బర్గ్, ప్రిటోరియా ప్రాంతాల్లో అమాపియానో పుట్టింది. ఈ పాటలు వాట్సాప్‌లోనూ, పెన్‌డ్రైవుల్లోనూ చేతులు మారాయి. షేర్ టాక్సీల స్పీకర్లలో మోగాయి. అక్కడినుండి ప్రపంచమంతా వ్యాపించాయి. పళ్లెం దయకోసం చూస్తూ కూర్చొని ఉంటే ఆ రెండు బాణీలూ ఊరి పొలిమేర దాటేవి కావు. మా చిన్నతనంలో పల్లెలో రికార్డులన్నీ మైకుసెట్టు యజమాని పెట్టెలోనే ఉండేవి. ఆయన పెట్టిందే పాట, ఆయన కరుణించినప్పుడే పాట. గ్రామఫోను ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. వస్తువు బరువెక్కినకొద్దీ అది ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న కూడా బరువెక్కుతుంది.

అయితే నా వృత్తికి సంబంధించిన అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. వీటిలో ఏది నిలుస్తుంది?

మన సాహిత్యం రెండు రకాల పాత్రలలో బతికింది. తాటాకు ఒకటి, రాగిరేకు ఒకటి. తాటాకును చెదలు తింటాయి, పురుగు తొలుస్తుంది, తడి తగిలితే చివుకుతుంది. ఎవరో ఒకరు పూనుకొని కొత్త ఆకులమీద తిరిగి రాస్తేనే ఆ గ్రంథం మరుతరానికి అందుతుంది. తిరిగి రాయడానికి ఎవరూ రాని గ్రంథాలు పేరుకూడా మిగలకుండా పోయాయి. రాగిరేకు అలా కాదు. దానిని ఎవరూ పట్టించుకోకపోయినా ఉంటుంది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు వేలకొలది చెక్కిన రేకులు తిరుమల ఆలయంలో కొన్ని శతాబ్దాలపాటు మరుగున ఉండి, 1922లో వెలుగుచూశాయి. ఇన్ని తరాలు వాటిని మరచినా అవి నశించలేదు. కాని ఆ రేకులమీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. పదిహేనవ శతాబ్దంలో ఆయన ఏ వరుసలో పాడారో రేకు చెప్పదు. నేడు మనం వినే వరుసలలో ఎక్కువభాగం ఇరవైయవ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన విద్వాంసులు కూర్చినవే.

కంప్యూటరులోని పాట తాటాకు వంటిది. వెయ్యి ప్రతులు క్షణంలో తీయవచ్చు, అక్షరం పొల్లుపోదు, పాఠాంతరాల బెడద లేదు. ఈ విషయంలో మన వ్రాయసకాండ్రకంటే అది ఎంతో నయం. కాని ప్రతి తీసేవాడు మానివేసిననాడు అది లేదు. మైస్పేస్ అనే ఇంటర్నెట్ సంస్థ 2003 మొదలు పన్నెండేళ్లపాటు సంగీతకారులు తన దగ్గర ఉంచిన పాటలన్నీ, యంత్రాలు మార్చే పనిలో పోయాయని 2019లో ఒప్పుకొంది. పోయిన పాటలు అయిదు కోట్లకు పైబడి ఉంటాయని అప్పట్లో పత్రికలు రాశాయి. వాటిలో చాలావాటికి మరో ప్రతి ఎక్కడా లేదు. అగ్నిప్రమాదం కాదు, దండయాత్ర కాదు. ఒక చోటినుండి మరొక చోటికి సామాను మార్చారు, అంతే.

పళ్లెం రాగిరేకు వంటిది. దీనికి మన దేశంలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. చరణ్‌జీత్ సింగ్ బొంబాయి సినిమా పాటలకు వాద్యాలు వాయించే కళాకారుడు. 1982లో ఆయన జపానునుండి వచ్చిన మూడు రోలాండ్ ఎలక్ట్రానిక్ యంత్రాలతో భైరవి, లలిత్, తోడి, యమన్ మొదలైన పది హిందుస్తానీ రాగాలను డిస్కో తాళంమీద వాయించి ఒక రికార్డు వెలువరించాడు. అది అమ్ముడుపోలేదు, ఎవరూ పట్టించుకోలేదు. అయిదేళ్ల తరువాత, 1987లో, చికాగోలో ఫ్యూచర్ అనే బృందం ఆ యంత్రాలలోని టీబీ-303తోనే 'యాసిడ్ హౌస్' అనే కొత్త బాణీకి శ్రీకారం చుట్టింది. వారికి ఈయన సంగతి తెలియదు, ఈయనకు వారి సంగతి తెలియదు. 2002లో ఒక డచ్చి రికార్డుల సేకర్త ఢిల్లీలో ఒక దుకాణంలో పాత పళ్లేలు తిరగేస్తూ ఆ ప్రతిని చూశాడు. ఇంటికి వెళ్లి విని నిర్ఘాంతపోయాడు. 2010లో అది తిరిగి అచ్చయింది. యాసిడ్ హౌస్‌కు ముందే యాసిడ్ హౌస్ వంటి సంగీతం బొంబాయిలో పుట్టిందని ప్రపంచం నివ్వెరపోయింది. డెబ్బై ఏళ్లు దాటిన ఆ పెద్దాయన యూరపు వెళ్లి, యువజనం ముందు ఆ రాగాలను మళ్లీ వాయించి, 2015లో కన్నుమూశాడు. ఇరవై ఏళ్లు దుమ్ములో పడి ఉండగల శక్తి ఆ పళ్లేనికి ఉండబట్టి ఇదంతా జరిగింది. అదే 1982లో ఏ కంప్యూటరు ఫైలుగానో ఉండి ఉంటే, అమ్ముడుపోని పాటను ఇరవై ఏళ్లు ఎవరు ప్రతులు తీసేవారు?

ఇంతమాత్రాన పళ్లెం భవిష్యత్తు నిశ్చింతగా ఉందనుకోవడానికి లేదు. 2022లో అమెరికాలో 1987 తరువాత మొదటిసారిగా కాంపాక్ట్ డిస్కులకంటే వినైల్ పళ్లేలు ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. డిస్కులు 3.3 కోట్లు, పళ్లేలు 4.1 కోట్లు. ఈ సంఖ్య చూసి సంతోషించినవారున్నారు. కాని ఆ కొనుగోళ్లలో సింహభాగం ప్రసిద్ధ గాయకుల ఆల్బములది. వాటిని కొని, సూది ఆనించకుండానే గోడకు అలంకరించుకొనేవారూ ఉన్నారు. కర్మాగారాల సంఖ్య పరిమితం. పెద్ద సంస్థలు లక్షల ప్రతులకు ఆర్డరు పెడితే, మూడు వందల ప్రతుల చిన్న నృత్యసంగీత సంస్థ వరుసలో వెనక్కు పోతుంది. 2021 ప్రాంతాల్లో ఆ నిరీక్షణ నెలల తరబడి సాగింది. వేసవిలో మోగవలసిన పాట చలికాలంలో చేతికి వస్తే ఏం లాభం? నృత్యసంగీతానికి కాలం ప్రాణం. కొన్నేళ్ల కరవులో పళ్లేలు కొని ఆ కర్మాగారాలు మూతబడకుండా కాపాడినవారు ఆ డీజేలే. పంట పండిననాడు వారికే గింజ దక్కలేదు.

మరొక సంగతి ఉంది. పళ్లెం అచ్చువేయడానికి ముందు లక్క పూతవంటి మెత్తని పూత పూసిన అల్యూమినియం పలకమీద తొలి గాడి చెక్కాలి. ప్రపంచం మొత్తానికి అటువంటి పలకలు తయారుచేసే సంస్థలు రెండే ఉండేవి. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం అగ్నికి ఆహుతి అయింది. జపానులోని చిన్న సంస్థ ఒకటే మిగిలింది. రాగి రేకుమీదనే నేరుగా చెక్కే వేరొక పద్ధతి ఉన్నా దానికి కావలసిన యంత్రాలు బహు కొద్ది. రాగిరేకు పోలిక నేను తెచ్చాను గాని, వాళ్లు నిజంగానే రాగిమీద చెక్కుతారని తెలిసి ముచ్చటపడ్డాను. వందేళ్లు నిలిచే వస్తువు, దానిని పుట్టించే చేతులు మాత్రం వేళ్లమీద లెక్కించదగినన్ని.

డౌన్‌లోడు పరిస్థితీ అంతంతమాత్రమే. 2004లో భవిష్యత్తంతా తనదేననిపించుకొన్న ఆ పద్ధతిని సామాన్య శ్రోతలు దాదాపు వదిలివేశారు. ఇప్పుడు వారు పాటను కొనరు, దించుకోరు. నెలచందా కట్టి, కుళాయి తిప్పినట్లు వింటారు. చందా ఆగితే పాట ఆగుతుంది. సంస్థకూ గాయకునికీ ఒప్పందం చెడినా పాట మాయమవుతుంది. డీజేలు మాత్రం ఇంకా డౌన్‌లోడును వదలలేదు. నడిరాత్రి వెయ్యిమంది ముందు ఇంటర్నెట్ తెగిపోతే ఏమవుతుందో వారికి తెలుసు. తన పెన్‌డ్రైవులో ఉన్నదే తనది. ఈ విధంగా చూస్తే పళ్లెం, డౌన్‌లోడు ఒకప్పటి దాయాదులే అయినా నేడు ఒకే ఇంటి కప్పు కింద తలదాచుకొంటున్నాయి. 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ వంటి చోట పళ్లెం కొన్నవారికి ఫైలు కూడా సాధారణంగా చేతికి వస్తుంది. కొన్నది నీ దగ్గర ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వవచ్చు, నీ తరువాత నీ పిల్లలకు దక్కుతుంది. చందాకు ఈ మాట వర్తించదు.

అమాపియానో సంగతి తలచుకొన్నప్పుడల్లా నాకు బెంగగా ఉంటుంది. పళ్లెమే చూడకుండా పుట్టిన ఆ వేలాది పాటలు ఇప్పుడు పాత ఫోన్లలోనూ, చెడిపోయిన కంప్యూటర్లలోనూ, ఎప్పుడు మూతబడతాయో తెలియని ఇంటర్నెట్ స్థలాలలోనూ ఉన్నాయి. మన దగ్గరా అంతే. పదిహేనేళ్ల క్రితం తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో మెమరీ కార్డులలో ఎక్కించుకొని విన్న జానపద డీజే పాటలు ఎన్నో ఉన్నాయి. కూర్చినవారి పేర్లు కూడా వాటిమీద ఉండవు. వాటిని తిరిగి రాసే వ్రాయసకాడు ఎవరు? సి.పి. బ్రౌను దొర జీతం ఇచ్చి లేఖకులను పెట్టుకొని తాటాకు ప్రతులను సేకరించి, సరిచూసి రాయించకపోతే మన కావ్యాలు ఎన్ని పోయేవో! ఆ పని చేయవలసినవారు ఇప్పుడు బహుశా మీ తరగతిలోనే ఉండవచ్చు. కావలసినవి ఒక హార్డ్‌డిస్కు, ఒక నోటుపుస్తకం, ఊళ్లు తిరిగే ఓపిక.

చికాగోలో అటువంటి పని ఒకటి జరిగింది. ఆ నగరపు దక్షిణ భాగంలో 1923లో కట్టిన బ్యాంకు భవనం ఒకటి దశాబ్దాలపాటు పాడుబడి ఉండేది. థియాస్టర్ గేట్స్ అనే కళాకారుడు దానిని నగరపాలకులనుండి ఒక్క డాలరుకు తీసుకొని, బాగుచేయించి, 2015లో స్టోనీ ఐలండ్ ఆర్ట్స్ బ్యాంకు పేరుతో తెరచాడు. అంతకు ముందటి సంవత్సరమే మరణించిన ఫ్రాంకీ నకుల్స్ పళ్లేలను అక్కడికి చేర్చారు. దాదాపు అయిదు వేలు. వాటికి డిజిటల్ ప్రతులు తీసే పని కూడా చేపట్టారు. ఒకప్పుడు డబ్బు దాచుకొన్న ఆ భవనంలో ఇప్పుడా పళ్లేలు అరలలో నిలబెట్టి ఉన్నాయి. వేర్‌హౌస్ శాలలో ఆడిన కాళ్లకు వయసు మళ్లింది. ఆ పేటలో పుట్టిన ఈతరం పిల్లలు వచ్చి, వాటిని వినిపించే రోజుల్లో కూర్చొని వింటున్నారు.